స్టెంటు వేసిన చోట ఉబ్బు: మళ్లీ చూసేదెవరు?

జంగారెడ్డిగూడెంలో "ఆయనకి రెండు స్టంట్లు వేశారు" అంటే ఇప్పుడెవరూ తిరిగి అడగరు. పొగాకు వేలం కేంద్రం దగ్గర, పారిజాతగిరి గుడి మెట్ల మీద, ఏలూరు బస్సులో ఆ మాట బోరు వేశారన్నంత మామూలుగా వినపడుతుంది. నొప్పొచ్చింది, 108లో తీసుకెళ్లారు, బ్లాకు ఉందన్నారు, స్టంటు వేశారు, ఇంటికొచ్చాడు. కథ అక్కడితో అయిపోయినట్టే అందరం అనుకుంటాం. లోపల మాత్రం ఆ రోజు నుంచే మరో కథ మొదలవుతుంది. ధమని గోడకూ దానిలో కూర్చున్న లోహపు జల్లెడకూ మధ్య ఏళ్ల తరబడి సాగే కథ అది. చాలామందిలో అది సుఖాంతమే. కొద్దిమందిలో స్టెంటు వేసిన చోటే ధమని ఉబ్బుతుంది. మందు పూత స్టెంట్లు వచ్చాక గత ఇరవై ఏళ్లలో దీని గురించి వైద్యలోకం ఏం తెలుసుకుంది, ఏది తేల్చలేకపోయింది, స్టెంటు వేసే క్యాథ్ ల్యాబుకు వెళ్లాలంటే ఏలూరో రాజమండ్రో విజయవాడో బస్సెక్కాల్సిన మనలాంటి ఊళ్లకు అందులో ఏది ముఖ్యం అన్నది ఇక్కడ చెప్పుకోవాలి.

సైకిలు టైరు ఒకచోట అరిగి పల్చబడితే లోపలి ట్యూబు అక్కడ బుడగలా పొడుచుకొస్తుంది. గాలి ఒత్తిడి చక్రమంతా ఒకటే, గోడ బలం తగ్గిన చోటే అది బయటపడుతుంది. గుండె ధమని కూడా అలాంటిదే. పక్కనున్న మంచి భాగం కన్నా ఒకచోట అడ్డుకొలత ఒకటిన్నర రెట్లు దాటితే వైద్యులు దాన్ని ఎన్యూరిజమ్ అంటారు. మనం ఉబ్బు అందాం. గుండె కండరానికి రక్తం అందించే ధమనులు మామూలుగా మూడు, నాలుగు మిల్లీమీటర్ల గొట్టాలు. అంటే నాలుగున్నర నుంచి ఆరు మిల్లీమీటర్లు దాటితేనే అది ఉబ్బు కింద లెక్క.

స్టెంటు పుట్టకముందు నుంచే ఈ ఉబ్బులున్నాయి. పూడికలు పేరుకున్న ధమనుల్లో గోడ దెబ్బతిని వస్తాయి. పిల్లల్లో కవాసాకీ జబ్బు తరవాత వస్తాయి. 1983లో అమెరికాలో ఇరవై వేల మందికి పైగా రోగుల యాంజియోగ్రాములు, అంటే ధమనుల్లోకి రంగు ద్రవం పంపి తీసిన చిత్రాలు, తిరగేసిన సీఏఎస్ఎస్ అధ్యయనంలో 4.9 శాతం మందిలో ధమని ఎక్కడో ఒకచోట వెడల్పుగా కనిపించింది. కాబట్టి స్టెంటు ఉన్నవాడిలో ఉబ్బు కనపడగానే స్టెంటునే దోషిగా నిలబెట్టకూడదు. వేసిన రోజు చిత్రంలో అక్కడ ధమని ఎలా ఉందో ముందు చూడాలి. ఆ పాత చిత్రం దొరకాలి మరి. ఆ సంగతికి తరవాత వస్తాను.

ఇంకో తేడా కూడా ముందే చెప్పుకోవాలి. ధమని గోడకు మూడు పొరలుంటాయి. మూడూ కలిసి సాగి ఉబ్బితే అది నిజమైన ఉబ్బు. లోపలి పొరలు చిరిగి, రక్తం బయటికి పొడుచుకొచ్చి, బయటి పొరో చుట్టూ ఉన్న కణజాలమో మాత్రమే దాన్ని ఆపుతుంటే అది అబద్ధపు ఉబ్బు. యాంజియోగ్రామ్‌లో రెండూ ఒకేలా కనపడొచ్చు. కాలువ గట్టు కుంగడానికీ, గండి పడి గట్టు అవతలి పొదలు నీటిని తాత్కాలికంగా నిలబెట్టడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే. రెండోదాన్ని గుర్తించడానికి ధమనిలోపలికి సన్నటి తీగ పంపి అల్ట్రాసౌండుతోనో, ఓసీటీ అనే కాంతి పరీక్షతోనో గోడ పొరల్ని చూడాలి.

మందు పూత ఎందుకు అవసరమైందో తెలిస్తే ఉబ్బు ఎందుకొస్తుందో సగం అర్థమైనట్టే. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ మొదటిసారి గుండె ధమనిలోకి బెలూను పంపి పూడికను నొక్కి దారి తీశాడు. దారి తెరుచుకునేది గానీ చాలామందిలో కొన్ని నెలలకే మళ్లీ మూసుకుపోయేది. 1986లో తూలూజ్‌లో జాక్ పుయెల్, లోజాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ లోహపు జల్లెడ గొట్టాల్ని ధమనిలో నిలబెట్టారు. అవే స్టెంట్లు. మన దేశంలో యాంజియోప్లాస్టీకి ఆద్యుడిగా చెప్పుకునే మాథ్యూ శామ్యూల్ కలరిక్కల్ చెన్నైలో పని మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. 1990ల్లో హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అప్పట్లో రక్షణ పరిశోధనలో ఉన్న అబ్దుల్ కలాం కలిసి కలాం-రాజు స్టెంటు తయారు చేయించారు. దిగుమతి స్టెంటు కొనలేక తిరిగిపోయే రోగుల్ని కళ్లారా చూసినవాళ్ల పని అది.

లోహపు స్టెంటు గోడ కూలకుండా ఆపింది గానీ గోడకు తగిలిన గాయాన్ని ఆపలేకపోయింది. గాయమైన చోట మన చర్మం మీద మచ్చ లేచినట్టే ధమనిలోనూ కండర కణాలు పెరిగి స్టెంటు కన్నాల్లోంచి లోపలికి వస్తాయి. నలుగురైదుగురిలో ఒకరికి దారి మళ్లీ ఇరుకయ్యేది. ఆ పెరుగుదలను ఆపే మందును స్టెంటుకే పూసి పంపితే బాగుంటుందన్న ఆలోచన అక్కడ పుట్టింది.

దొరికిన మందు సిరోలిమస్. 1964లో కెనడా నుంచి ఈస్టర్ దీవికి వెళ్లిన బృందం తెచ్చిన మట్టిలో ఉన్న సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్‌లో సురేంద్రనాథ్ సెహగల్ బృందం దాన్ని వేరుచేసింది. ఆ దీవిని అక్కడివాళ్లు రాపా నుయి అంటారు కాబట్టి రాపమైసిన్ అన్నారు. మట్టిలోంచి మందు తీయడం మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికే అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో చేయించిన పనే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అలాగే వచ్చింది. రాపమైసిన్ మొదట బూజుకు మందుగా ఆశపెట్టి, తరవాత మూత్రపిండం మార్చిన రోగుల్లో శరీరం తిరగబడకుండా ఆపే మందుగా స్థిరపడింది. కణం విభజన చెందడాన్ని అది నిలిపేస్తుంది. గుండె వైద్యులకు కావలసింది సరిగ్గా అదే.

1999 డిసెంబరులో బ్రెజిల్‌లోని సావోపాలోలో ఎడ్వార్డో సౌజా మొదటి సిరోలిమస్ స్టెంటు వేశాడు. 2002లో వెలువడిన రావెల్ అధ్యయనంలో 238 మంది ఉన్నారు. ఆరు నెలలకు మామూలు స్టెంటు వేసినవాళ్లలో 26.6 శాతం మందికి దారి మళ్లీ ఇరుకైంది. సిరోలిమస్ స్టెంటు వాళ్లలో సున్నా. వైద్యంలో సున్నా అన్న అంకె ఎప్పుడో గానీ కనపడదు. అది చూసిన వైద్యులు పొంగిపోయారంటే తప్పు పట్టలేం. ఏడాది తిరక్కుండానే, సైఫర్ అని పేరు పెట్టిన ఆ స్టెంటుకు అమెరికాలో అనుమతి వచ్చింది. 2004లో పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్ పూసిన టాక్సస్ వచ్చింది.

అదే రావెల్‌లో మరో సంగతి కూడా ఉంది. ధమనిలోపల అల్ట్రాసౌండుతో చూసినప్పుడు మందు స్టెంటు వేసినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి స్టెంటు తీగలు కొంత మేర గోడను తాకకుండా ఎడంగా ఉన్నాయి. మామూలు స్టెంటులో ఇది నాలుగు శాతం దగ్గరే ఉంది. స్టెంటు వేసిన వెంటనే అల్ట్రాసౌండు చేయలేదు గనక, మొదట్నుంచీ అతుక్కోలేదా, అతుక్కున్నాక గోడే వెనక్కి జరిగిందా అన్నది ఆ అధ్యయనం చెప్పలేకపోయింది. మొదటి చిత్రం లేకపోతే రెండో చిత్రం సగమే మాట్లాడుతుందని అప్పుడే తేలింది. నా దృష్టిలో ఈ ఇరవై ఏళ్ల చర్చంతా ఆ ఒక్క లోటు చుట్టూనే తిరిగింది.

మందు కండర కణాల్ని ఆపుతుంది. ధమని గోడను మళ్లీ అతికించాల్సిందీ, స్టెంటు తీగల మీద సన్నటి లోపలి పొర పరవాల్సిందీ కూడా కణాలే. వాటిలో చెడ్డ పెరుగుదల ఏదో, మంచి మరమ్మతు ఏదో మందుకు తెలియదు. బెలూను గట్టిగా ఉబ్బించినప్పుడు గోడ మధ్య పొరలో చీలిక పడి ఉంటే, మామూలుగా అయితే మచ్చ కట్టి అది మూసుకుపోతుంది. మందు ఉన్నచోట ఆ మచ్చే కట్టదు. రక్తం ఒత్తిడి మాత్రం రోజుకు లక్ష సార్లు ఆ బలహీనమైన చోటు మీద పడుతూనే ఉంటుంది. అందుకే ఉబ్బు ఈ వైద్యానికి బయటి నుంచి వచ్చిన ప్రమాదం కాదని అంటాను. మళ్లీ పూడకుండా ఆపే గుణమూ గోడ మానకుండా ఆపే గుణమూ ఒకే మందులో ఉన్నాయి.

రెండో కారణాన్ని బయటపెట్టింది ఒక శవపరీక్ష. భారతదేశంలో చదువుకుని అమెరికాలో గుండె శవపరీక్షల్లో ప్రపంచానికే పెద్దదిక్కయిన రేణు విర్మాని 2004లో సర్క్యులేషన్ పత్రికలో ఒక 58 ఏళ్ల మనిషి గురించి రాశారు. రెండు సైఫర్ స్టెంట్లు వేసిన పద్దెనిమిది నెలలకు అతను గుండెపోటుతో పోయాడు. చూస్తే స్టెంటు వేసిన చోట ధమని ఉబ్బి ఉంది, గోడ నిండా అలర్జీలో కనపడే ఇయోసినోఫిల్ కణాలు, లింఫోసైట్లు, దానిమీద రక్తపు గడ్డ. సిరోలిమస్‌లో ఎక్కువ భాగం మొదటి నెలలోనే విడుదలైపోతుంది. పద్దెనిమిది నెలల తరవాత అక్కడ మిగిలింది మందు కాదు, మందును పట్టి ఉంచడానికి పూసిన పాలిమర్. ప్లాస్టిక్ లాంటి ఆ పూత మీదే శరీరం తిరగబడిందని విర్మాని అనుమానించారు. 2006లో అమెరికా ఔషధ సంస్థకు చేరిన వేల ఫిర్యాదుల్ని జల్లెడ పట్టిన రాడార్ అనే బృందంలోని పరిశోధకులకు అలర్జీ లక్షణాలున్న కేసులు 262 కనపడ్డాయి. స్టెంటే కారణమని వాళ్లు బలంగా చెప్పగలిగినవి మొత్తం 17. మిగిలినవాటిలో చాలా వరకు తోడుగా వాడిన మాత్రలే కారణమై ఉండొచ్చు. ఫిర్యాదు చేసిన ప్రతిదీ స్టెంటు తప్పు కాదని చెప్పే అంకె అది. నిజంగా తప్పున్న కేసులూ ఉన్నాయని చెప్పేది కూడా అదే.

అయితే ఈ ఉబ్బులు ఎంతమందిలో వస్తాయి? 2008లో అవోకి, కిర్టానే, లియాన్, డంగాస్ రాసిన సమీక్ష ఇప్పటికీ అందరూ తిరగేసేదే. మందు స్టెంటు వేసిన మొదటి తొమ్మిది నెలల్లో ఉబ్బులు 0.2 నుంచి 2.3 శాతం అని అందులో లెక్క తేల్చారు. మామూలు లోహపు స్టెంటులో 0.3 నుంచి 3.9 శాతం. అంటే మందు స్టెంటు ఎక్కువ ఉబ్బులు తెస్తుందన్న భయానికి ఈ అంకెలు ఆధారమివ్వవు. 2009లో స్పెయిన్‌కు చెందిన ఫెర్నాండో అల్ఫాన్సో బృందం మందు స్టెంటు వేశాక ఆలస్యంగా మళ్లీ యాంజియోగ్రామ్ చేసిన 1,197 మందిని చూసి 15 మందిలో ఉబ్బు కనుగొంది. 1.25 శాతం. 2018లో వెలువడిన సీఏఏఆర్ నమోదు తొమ్మిది దేశాల్లో 32 ఆసుపత్రుల నుంచి 1,565 మంది ఉబ్బు రోగుల్ని ఒకచోట చేర్చింది. అందులో స్టెంటుతో సంబంధం లేని ఉబ్బులూ ఉన్నాయి కాబట్టి దాన్ని ఇక్కడి లెక్కతో కలపకూడదు.

ఈ శాతాల్ని చదివేటప్పుడు కింద ఉన్న సంఖ్య ఎవరిదో అడగాలి. 1,197 మంది అంటే స్టెంటు వేయించుకున్నవాళ్లందరూ కారు, మళ్లీ యాంజియోగ్రామ్ చేయించుకున్నవాళ్లు. అలా చేయించుకునేది నొప్పి తిరగబెట్టినవాళ్లు, లేదా పరిశోధన నియమం ప్రకారం పిలిపించినవాళ్లు. నొప్పి ఉన్నవాళ్లనే లెక్కపెడితే అసలుకన్నా ఎక్కువ కనపడుతుంది. నొప్పి లేకుండా ఉబ్బు మోస్తున్నవాళ్లు లెక్కలోకే రారు. ఇంటి దగ్గరే హఠాత్తుగా పోయినవాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. జపాన్‌లో స్టెంటు వేసిన కొన్ని నెలలకు మామూలుగానే మళ్లీ యాంజియోగ్రామ్ చేసే అలవాటు ఎన్నో ఏళ్లుంది. అక్కడి వైద్యులు స్టెంటు చుట్టూ రంగు ద్రవం మరకలా నిలవడాన్ని కూడా పసిగట్టి, అది ఉబ్బుకు ముందు దశ కావచ్చునని రాశారు. మనకు ఆ అలవాటు లేదు. ఉండాలని కూడా నేననను. ఏ బాధా లేనివాడికి ఊరికే మళ్లీ తీగ పెట్టడం వల్ల మేలు జరిగినట్టు రుజువులు లేవు. ఖర్చు ఉంది, మూత్రపిండాలకు రంగు ద్రవం వల్ల ముప్పుంది.

లెక్కపెట్టడం అన్న మాట వస్తే మన గోదావరి జిల్లాలకు ఒక మంచి చరిత్ర ఉంది. ఉభయగోదావరుల్లో 45 గ్రామాల్లో, దాదాపు 1,80,000 మంది జనాభాలో, ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకూ కారణమేమిటో ఇళ్లకు వెళ్లి అడిగి నమోదు చేశారు. బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ మరికొందరితో కలిసి చేసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం అది. తిరిగింది ఆరోగ్య కార్యకర్తలు. 2006లో వచ్చిన ఫలితాల్లో 1,354 చావులున్నాయి. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటువ్యాధులవి 12 శాతమే. పల్లెల్లో చావులంటే విరేచనాలూ క్షయే అనుకునేవాళ్ల అంచనా అక్కడ తలకిందులైంది. గుమ్మంలో కూర్చుని అడిగే ప్రశ్నలతో గుండెపోటని చెప్పగలం. ధమనిలో ఏం జరిగిందో చెప్పలేం. విర్మాని చూసిన 58 ఏళ్ల మనిషి మన మెట్ట ఊళ్లో పోయి ఉంటే, "స్టంటు వేసినా నిలవలేదు" అన్న ఒక్క మాటతో కట్టె కాలిపోయేది. మన దగ్గర ఇలాంటి ఉబ్బులు తక్కువే అనుకునే ముందు మనం చూసిందే తక్కువని ఒప్పుకోవాలి.

ఉబ్బు వచ్చిందని తేలితే ఏమవుతుంది? పగిలిపోతుందనే అందరి భయం. అసలు పగలడం చాలా అరుదు. ఎక్కువ ప్రమాదం గడ్డ కట్టడంతోనే. ఉబ్బిన చోట రక్తం సుళ్లు తిరిగి నెమ్మదిస్తుంది, గోడను వదిలేసిన స్టెంటు తీగలు రక్తంలో తేలుతుంటాయి, వాటి మీద లోపలి పొర పరుచుకోదు. 2007లో స్టెఫాన్ కుక్ బృందం, స్టెంటు వేసిన ఏడాది దాటాక అందులో గడ్డ కట్టిన 13 మందిని చూస్తే 77 శాతం మందిలో స్టెంటు గోడకు ఎడంగా ఉంది. గడ్డ కట్టనివాళ్లలో అది 12 శాతమే. చిన్న సంఖ్యే గానీ తేడా పెద్దది.

అవోకి సమీక్ష ఈ ఉబ్బుల్ని మూడు రకాలు చేసింది. స్టెంటు వేసిన నాలుగు వారాల్లోపు వేగంగా పెరిగేవి మొదటివి. ఎక్కువగా వేసేటప్పుడు గోడ చిరగడం వల్ల వచ్చే అబద్ధపు ఉబ్బులు ఇవే. నెమ్మదిగా పెరిగి, ఆరు నెలల తరవాతెప్పుడో వేరే పనికి యాంజియోగ్రామ్ చేస్తే కనపడేవి రెండోవి. ఎక్కువమందిలో ఉండేది ఈ రకమే. మూడోది సూక్ష్మజీవులు పట్టి వచ్చేది. అతి అరుదైనదీ, అతి ప్రమాదకరమైనదీ ఇదే. స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమొనాస్ లాంటి క్రిములు స్టెంటు మీద స్థిరపడి గోడను కొరికేస్తాయి. జ్వరం, చలి, ఛాతీలో నొప్పి కలిసి వస్తాయి.

జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం వైపు వెళ్తే ఏజెన్సీ మొదలవుతుంది. ఇటువైపు జ్వరం రాగానే మలేరియా, లేకపోతే టైఫాయిడ్ అని మందులు మొదలవుతాయి. ఎక్కువసార్లు ఆ ఊహ సరైనదే. స్టెంటు వేసి మూడు, నాలుగు వారాలైన మనిషికి చలిజ్వరం వస్తే మాత్రం మలేరియా పరీక్షతో పాటు రక్తాన్ని కల్చర్‌కు పంపాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే పంపాలి. మొదలుపెట్టాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. స్టెంటు వేసిన సంగతి రోగి చెప్పాలి, చెప్పకపోతే డాక్టరు అడగాలి. ఈ వ్యాసం చదివినవాళ్లకు ఒక్క సంగతే గుర్తుండేట్టయితే అది ఇదే కావాలని నా కోరిక.

చికిత్స సంగతికొస్తే, ఏది మేలో తేల్చిన పెద్ద పోలిక అధ్యయనాలు లేవు. ఉన్నవి విడి కేసులు, చిన్న బృందాల అనుభవాలు. చిన్నదై, బాధ లేకుండా, పెరగకుండా ఉంటే రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్రలు కొనసాగిస్తూ కనిపెట్టుకుని ఉండటమే చాలామంది వైద్యుల తీరు. సీటీ యాంజియోగ్రామ్‌తో పరిమాణం కొలవొచ్చు. పెరుగుతున్నా, అబద్ధపు ఉబ్బైనా లోపల నుంచి తొడుగు స్టెంటు వేస్తారు. లోహపు జల్లెడకు టెఫ్లాన్ లాంటి గుడ్డ తొడిగినది అది. రక్తం ఉబ్బులోకి వెళ్లకుండా దారి మూస్తుంది. అక్కడ కొమ్మ ధమని చీలి ఉంటే దాన్నీ మూసేస్తుంది గనక చీలిక దగ్గర పనికిరాదు. లోపల గడ్డ కట్టే అవకాశం మామూలు స్టెంటు కన్నా దీనికి ఎక్కువ. పెద్ద ఉబ్బులకు, చీలిక దగ్గర ఉన్నవాటికి శస్త్రచికిత్స చేసి ఉబ్బుకు రెండు వైపులా కట్టేసి బైపాస్ వేస్తారు. క్రిమి పట్టినదైతే యాంటీబయాటిక్‌తో పాటు శస్త్రచికిత్సే దిక్కవుతుంది. క్రిమి ఉన్నచోట మరో స్టెంటు వేస్తే దానికి మరో ఇల్లు కట్టిచ్చినట్టే.

స్టెంట్లూ మారాయి. సైఫర్ తీగ 140 మైక్రాన్ల మందం. దాని తయారీని 2011లో ఆపేశారు. తరవాత వచ్చిన ఎవరోలిమస్ స్టెంట్లు 81 మైక్రాన్లే. పూత కూడా శరీరం సులువుగా ఒప్పుకునే రకం. కరిగిపోయే పాలిమర్లు వచ్చాయి, పాలిమరే లేనివీ వచ్చాయి. సూరత్‌లో తయారయ్యే 60 మైక్రాన్ల సుప్రాఫ్లెక్స్‌ను యూరప్‌లో 1,435 మంది మీద పేరున్న ఎవరోలిమస్ స్టెంటుతో పోల్చి చూశారు. టాలెంట్ అని పిలిచే ఆ అధ్యయనంలో అది తీసిపోలేదని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. స్టెంటే పూర్తిగా కరిగిపోతే ఈ గొడవే ఉండదన్న ఆశతో వచ్చిన అబ్సార్బ్ మాత్రం గడ్డలు ఎక్కువై 2017లో వెనక్కి వెళ్లిపోయింది. దాంట్లోనూ ఉబ్బులు కనపడ్డాయి. కొత్త తరం స్టెంట్లలో ఉబ్బులు తగ్గాయని వైద్యుల్లో గట్టి నమ్మకం ఉంది, అందుకు కారణాలూ సబబైనవే. కానీ మళ్లీ యాంజియోగ్రామ్ చేసే అలవాటు కూడా అదే కాలంలో తగ్గింది. అందుకే ఆ తగ్గుదలలో స్టెంటు గొప్పతనమెంత, చూడకపోవడమెంత అన్న ప్రశ్నను నేను వదిలిపెట్టను.

ఇక మన ఊరి సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ స్టెంటును తెల్లకార్డు ఇంటికి తెచ్చింది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మెట్ట ప్రాంతంలో ఏ వీధిలో అడిగినా చెబుతారు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు స్టెంటు ధరకు 29,600 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. అంతకు ముందు లక్షకు పైగా పోసినవాళ్లున్నారు. ఆ ఉత్తర్వులతోనే స్టెంటు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా చూపించాలన్న నిబంధన కూడా వచ్చింది. ధర తగ్గిన సంగతి అందరికీ తెలుసు, బ్యాచ్ నంబరు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నాకు ఆ నంబరే ముఖ్యం. స్టెంటు పెట్టె మీది స్టిక్కరులో దాని పేరు, పొడవు, అడ్డుకొలత, లాట్ (బ్యాచ్) నంబరు ఉంటాయి. డిశ్చార్జి కాగితాల్లో దాన్ని అంటించి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. యాంజియోగ్రామ్ సీడీ కూడా తీసుకోవాలి. రేపెప్పుడో నొప్పొచ్చి వేరే ఊరి ఆసుపత్రికి వెళితే, అక్కడి డాక్టరుకు ఉబ్బు కొత్తదో పాతదో చెప్పేది ఆ సీడీయే. సీడీలు గీతలు పడతాయి, పోతాయి. ఇంట్లో పిల్లలెవరైనా దాన్ని ఫోనులోకో పెన్‌డ్రైవులోకో ఎక్కించి పెడితే మంచిది. మన ఇళ్లల్లో పొలం పాసుపుస్తకం బీరువాలో ఉంటుంది. ఆసుపత్రి ఫైలు మాత్రం గోడ మేకుకు ప్లాస్టిక్ కవరులో వేలాడుతూ, రెండు వానాకాలాలకు కాగితాలు అతుక్కుపోతుంది. ఆ ఫైలు కూడా పాసుపుస్తకం పక్కకే చేరాలి.

మాత్రల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఎంతకాలం వాడాలో స్టెంటు వేసిన వైద్యుడు చెబుతాడు. పన్ను పీకించుకోవడానికనో, ఒంటిమీద కమిలిన మచ్చలు వస్తున్నాయనో, బాగానే ఉన్నాను గదా అనో వాటిని సొంతంగా ఆపేయడం మనవైపు ఎక్కువ. ఉబ్బు ఉన్నవాడు, ఉందని తెలియనివాడు కూడా, ఆ మాత్రలు ఆపిన రోజు నుంచీ గడ్డ కట్టే ప్రమాదంలో పడతాడు. పన్ను డాక్టరు ఆపమన్నా సరే, ముందు గుండె డాక్టరుకు ఒక ఫోను చేయాలి. పొగాకు కూడా ఇక్కడ దాటవేయలేను. వర్జీనియా పొగాకు మన చేలల్లో పండి, మన వేలం కేంద్రాల్లో అమ్ముడుపోయి, పిల్లల చదువులకు ఫీజయింది. ఆ బతుకుతెరువును నేను తక్కువ చేయను. స్టెంటు పెట్టించుకున్నాక కూడా చుట్టో సిగరెట్టో వదలకపోతే మాత్రం పక్క ధమనిలో కొత్త పూడిక మొదలవుతూనే ఉంటుంది.

వైద్యులు చేయాల్సింది మరొకటి మిగిలి ఉంది. 2015 జూలై 6న వైద్య పరికరాల వల్ల జరిగే కీడును నమోదు చేయడానికి కేంద్రం మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. స్టెంటు వేసిన చోట ఉబ్బు కనపడితే, గడ్డ కడితే, కారణం తెలియని జ్వరం వస్తే ఆ పత్రం నింపి పంపొచ్చు. అందులో బ్యాచ్ నంబరుకు ఒక గడి ఉంటుంది. ఏలూరు, రాజమండ్రి, విజయవాడ క్యాథ్ ల్యాబుల్లో పనిచేసే ప్రతి వైద్యుడూ తన చేతిలోకి వచ్చిన ఇలాంటి ఒక్కొక్క కేసునూ ఆ పత్రంలోకి ఎక్కిస్తే, కొన్నేళ్లకు మన జిల్లాల లెక్క మన దగ్గరే ఉంటుంది. అప్పటిదాకా ఆ గడి నింపడానికి కావలసిన స్టిక్కరు మెట్ట ఊళ్లల్లో ఏ ఇంటి గోడకో వేలాడుతున్న ఫైలులో ఉంది.